వరి, బొగ్గు, యూరియా: దక్షిణ తెలంగాణ గాలిలో జరుగుతున్న రసాయనం

క్లుప్తంగా: నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో గాలి పాడయ్యేది కంటికి కనిపించే పొగ వల్ల మాత్రమే కాదు. వరికొయ్యల మంట, మడిలో చల్లిన యూరియా, డామరచర్ల విద్యుత్ కేంద్రంలో కాలే బొగ్గు, మిర్యాలగూడ మిల్లుల్లో కాలే ఊక, రెండు జాతీయ రహదారుల మీది డీజిల్ వాహనాలు వేర్వేరు వాయువులను వదులుతాయి. అవి గాలిలో ఒకదానితో ఒకటి కలిసి కొత్త పదార్థాలవుతాయి. కొన్నింటి ప్రభావం గంటల్లో తేలిపోతుంది, కొన్నింటిది వారం ఉంటుంది, కొన్నింటిది శతాబ్దాలు సాగుతుంది. ఒక సమస్యకు చెప్పే పరిష్కారం మరో సమస్యను పెంచే సందర్భాలూ ఉన్నాయి. అవి ఎక్కడ, ఎందుకు వస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఫ్లోరైడ్ జిల్లా గాలి జాబితాలోకి ఎలా వచ్చింది

నల్లగొండ అంటే దశాబ్దాలుగా ఫ్లోరైడ్ నీళ్లే చర్చ. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, వరుసగా ఐదేళ్లు గాలి నాణ్యత ప్రమాణాలు దాటిన పట్టణాల జాబితాలో తెలంగాణ నుంచి మూడు పేర్లు వచ్చాయి: హైదరాబాద్, పటాన్‌చెరు, నల్లగొండ. మొదటిది మహానగరం, రెండోది పారిశ్రామికవాడ. చుట్టూ పొలాలే ఉన్న నల్లగొండ ఆ వరుసలో ఉండటం చాలామందికి వింతగా తోచింది.

ఆ జాబితాకు ప్రధాన కొలమానం పీఎం 10, అంటే 10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న ధూళి కణాలు. మన దేశంలో దీని వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ఇందులో రోడ్డు దుమ్ము, కంకర మిల్లుల పొడి, బీడు భూముల మట్టి పెద్ద భాగం. ఏడాదిలో ఎక్కువ నెలలు నేల ఎండిపోయి ఉండే చోట ఈ అంకె దిగడం కష్టం. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లి రక్తంలో కలిసేది మాత్రం 2.5 మైక్రాన్ల లోపు ఉండే పీఎం 2.5. ఇది ఎక్కువగా ఏదో ఒకటి కాలడం వల్ల, లేదా వాయువులు గాలిలో కణాలుగా మారడం వల్ల పుడుతుంది. దీని వార్షిక పరిమితి మన దగ్గర 40, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 5. రోడ్డు మీద నీళ్లు చల్లితే మొదటి అంకె కొంత తగ్గుతుంది, రెండోది దాదాపు కదలదు. ట్యాంకర్లతో రోడ్లు తడిపే పథకాలను ఈ తేడా దృష్టిలో పెట్టుకునే అంచనా వేయాలి.

ఒకే గాలికి రెండు అంకెలు

గాలి నాణ్యత సూచీ విషయంలో పాఠకులను ఎక్కువ తికమక పెట్టేది ఫోన్ యాప్‌లు. ఒక యాప్ 83 అంటుంది, అదే ఊరికి అదే గంటలో ఇంకోటి 137 అంటుంది. రెండూ అబద్ధం చెప్పడం లేదు. పీఎం 2.5 ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు ఉంటే, భారతీయ సూచీ దాన్ని 83గా, ‘సంతృప్తికరం’గా లెక్కిస్తుంది. అమెరికా సూచీ ప్రకారం అదే గాలి 137, శ్వాస సంబంధ జబ్బులున్నవారికి మంచిది కాదు. గీతలు వేరు, గాలి ఒకటే. సూచీ కన్నా పీఎం 2.5 మైక్రోగ్రాములను నేరుగా చూడటం మేలు.

రెండో తికమక ఇంకా పెద్దది. హైదరాబాద్ దాటితే నిరంతరం కొలిచే యంత్రాలు చాలా అరుదు. చిన్న పట్టణాలకు యాప్‌లు చూపే అంకెల్లో ఎక్కువ భాగం ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటర్ నమూనాల నుంచి వచ్చిన అంచనాలే. కాలుష్య నియంత్రణ మండళ్లు మాన్యువల్ కేంద్రాల్లో వారానికి రెండుసార్లు, ఏడాదికి 104 సార్లు నమూనా తీస్తాయి. ఏడాది సగటుకు అది సరిపోతుంది. మంగళవారం సాయంత్రం కొయ్యలు తగలబెట్టి, నమూనా గురువారం తీస్తే ఆ మంట రికార్డుల్లో ఉండదు. ఉపగ్రహాలదీ ఇదే ఇబ్బంది. మంటలను గుర్తించే ప్రధాన ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో దాటిపోతాయి. పొద్దుగూకాక పెట్టిన మంట వాటికి చిక్కదు, రాత్రి ఒంటిగంటన్నరకు అవి మళ్లీ వచ్చేసరికి అరెకరం మడి చల్లారిపోతుంది.

నవంబరు పొగ, మే పొగ

వరి కోత హార్వెస్టర్ చేతికి వచ్చాక పొలంలో రెండు రకాల గడ్డి మిగులుతోంది: నేలలో నిలబడి ఉండే కొయ్యలు, యంత్రం వెనక చెల్లాచెదురుగా పడిన పొట్టి గడ్డి. చేతికోత రోజుల్లో గడ్డంతా వాముకెక్కేది. ఇప్పుడు పశువులు తగ్గాయి, గడ్డి చుట్టే బేలర్ కిరాయి పడుతుంది, పొట్టి గడ్డిని బేలర్ సరిగా ఎత్తుకోదు కూడా. అగ్గిపుల్ల చవక.

ఎకరాకు సుమారు రెండున్నర టన్నుల గడ్డి అనుకుంటే, శాస్త్రవేత్తలు సాధారణంగా వాడే గుణకాల ప్రకారం దాన్ని కాల్చితే 150 కిలోల కార్బన్ మోనాక్సైడ్, 7.5 కిలోల సూక్ష్మకణాలు, 5 కిలోల సల్ఫర్ డయాక్సైడ్, దాదాపు 3,650 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడతాయి. ఈ చివరి అంకెను చూపించి భయపెట్టడం వాడుకైపోయింది, అది సరికాదు. ఆ కార్బన్ ఆ పంట నాలుగైదు నెలల కింద గాలి నుంచి తీసుకున్నదే. నిజమైన నష్టం మిగతా మూడింటిది, నేలదీ. టన్ను గడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. మంటలో నత్రజని దాదాపు మొత్తం పోతుంది. భాస్వరంలో నాలుగో వంతు, పొటాష్‌లో ఐదో వంతు పోతాయి.

ఒకే బరువు గడ్డి రెండు కాలాల్లో రెండు రకాలుగా కాలుతుంది. వానాకాలం కోతల తర్వాత నవంబరు, డిసెంబరుల్లో గడ్డిలో తేమ ఉంటుంది, మంట ఎగసిపడక కుములుతుంది. కుమిలే మంటలో ఆక్సిజన్ చాలదు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్, తెల్లటి జిగట పొగ ఎక్కువ. పైగా చలికాలం రాత్రుల్లో నేల వేడి త్వరగా వదిలేస్తుంది. కింద చల్లగాలి, పైన వెచ్చని గాలి చేరి కుండ మీద మూతలా అడ్డుపడతాయి. పొగ కొన్ని వందల మీటర్ల ఎత్తు దాటలేదు, మర్నాడు ఎండ కాసేదాకా ఊళ్ల మీదే ఉంటుంది. యాసంగి కోతల తర్వాత మే నెలలో గడ్డి పెళపెళలాడుతుంది, మంట వేడిగా, త్వరగా కాలుతుంది, మధ్యాహ్నం గాలి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు వరకు కలుస్తుంది. పొగ పలచబడుతుంది, కానీ నల్ల మసి పాళ్లు ఎక్కువ. మే మంటకు ఉన్న ప్రమాదం వేరే: పక్క తోట, డ్రిప్ పైపులు, కరెంటు తీగలు, నల్లమల అంచున అయితే అడవి.

ఊరి ఆరోగ్యం కోణంలో చూస్తే నవంబరు మంటను ఆపడమే ముందు పని. ప్రచారం మాత్రం ఎక్కువగా ఎండాకాలంలో, అగ్నిప్రమాదాలు వార్తల్లోకి వచ్చినప్పుడు జరుగుతుంటుంది.

కలియదున్నితే సరిపోతుందా

‘కాల్చొద్దు, కలియదున్నండి’ అన్న సలహా సగం సరైనది. గడ్డిని మట్టిలో కలిపాక మడిలో ఎప్పుడు నీళ్లు పెడతారు అన్నదాని మీద ఫలితం ఆధారపడి ఉంటుంది. వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ బృందం, అంటే ఐపీసీసీ, 2019 మార్గదర్శకాల ప్రకారం నీళ్లు నిలిపే ముందు 30 రోజుల లోపు కలిపిన గడ్డి వల్ల వచ్చే మీథేన్ ప్రభావాన్ని 1 అనుకుంటే, 30 రోజుల కన్నా ముందే కలిపిన గడ్డిది 0.19 మాత్రమే. గాలి ఆడే నేలలో నెల రోజులు ఉన్న గడ్డి కుళ్లి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. పచ్చిగా నీళ్ల కింద పడితే మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులకు మేత అవుతుంది.

సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఈ తేడా సరిగ్గా రెండు పంటల మధ్య కనిపిస్తుంది. ఏప్రిల్, మే కోతల నుంచి జులై నాట్ల దాకా రెండు నెలల వ్యవధి ఉంది. అప్పుడు దున్నేస్తే నేలకూ లాభం, గాలికీ లాభం. డిసెంబరు మొదట్లో కోసి జనవరి మొదట్లో నాటే చోట మూడు నాలుగు వారాలకు మించి దొరకదు. అక్కడ దున్నితే పొగ తగ్గుతుంది కానీ మీథేన్ పెరుగుతుంది. ఇంకో చిక్కు రైతుకు వెంటనే తెలుస్తుంది. గడ్డిలో నత్రజనికి 60 నుంచి 80 రెట్లు కార్బన్ ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే జీవులు మట్టిలోని నత్రజనిని తామే తీసుకుంటాయి, నాటిన రెండు మూడు వారాల్లో నారు పసుపుబారుతుంది. దున్నేటప్పుడు ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీళ్లు పెట్టి, కుళ్లడానికి రెండు మూడు వారాలైనా వదలమని వ్యవసాయాధికారులు చెప్పేది ఇందుకే. వ్యవధి లేని చోట గడ్డిని బేల్ చేసి పొలం బయటకు తీసుకెళ్లడమే రెండు వైపులా నష్టం లేని దారి. అందుకు హార్వెస్టర్ వెనక గడ్డి వరుసగా పడేలా అమర్చుకోవాలి, కోత వీలైనంత కిందికి కోయాలి.

మడిలో పుట్టే మీథేన్

నీళ్లు నిలిచిన మడిలో పైన పలచని పొర మట్టికే ఆక్సిజన్ అందుతుంది. దాని కింద సూక్ష్మజీవులు ముందు నైట్రేట్‌ను, తర్వాత మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లను, ఆపైన సల్ఫేట్‌ను వాడుకుంటాయి. ఇవన్నీ అయిపోయాక మీథేన్ తయారుచేసే జీవుల వంతు. నీళ్లు పెట్టిన రెండు మూడు వారాలకు మీథేన్ ఊపందుకోవడానికి కారణం ఈ వరుసే. పుట్టిన వాయువులో ఎక్కువ భాగం బుడగలుగా రాదు. వరి వేర్లకు గాలి తీసుకెళ్లే గొట్టాల్లాంటి కణజాలం గుండానే పైకి వస్తుంది, అంటే పైరే దానికి పొగగొట్టం.

భారత జాతీయ లెక్కల్లో వాడే గుణకాల ప్రకారం, నీళ్లు ఎప్పుడూ నిలిపి ఉంచే మడి హెక్టారుకు ఒక పంటలో 162 కిలోల మీథేన్ వదులుతుంది. మధ్యలో ఒకసారి ఆరబెడితే అది 66, పలుమార్లు ఆరబెడితే 18. ఎకరాల్లో చెప్పాలంటే సుమారు 66, 27, 7 కిలోలు. వందేళ్ల లెక్కలో కిలో మీథేన్ దాదాపు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. నిలువ నీటి వరి ఎకరా ఒక పంటకు 1.8 టన్నుల మేర వాతావరణాన్ని వేడెక్కిస్తుందన్నమాట. ఇరవై ఏళ్ల లెక్కలో అయితే ఆ భారం సుమారు మూడింతలు.

పాలమూరుకు ఈ లెక్క కొత్తగా వర్తిస్తోంది. జొన్న, ఆముదం, వేరుశనగ పండిన నేలల్లో జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లతో వరి విస్తరించింది. వలసలు ఆపిన నీళ్లివి, వాటి విలువను ఎవరూ కాదనలేరు. అయితే ఎర్ర చల్కా నేలల్లో నీళ్లు ఎక్కువసేపు నిలవవు, ప్రతి తడికీ మోటారు నడవాలి, ఆ కరెంటులో పెద్ద వాటా బొగ్గుది. అక్కడి ఎకరా వరికి నేల కింద మీథేన్, బోరు వెనక కార్బన్ డయాక్సైడ్ రెండూ ఉంటాయి.

ఆరబెట్టే పద్ధతిని అధికారులు ఏడబ్ల్యూడీ (ఆల్టర్నేట్ వెటింగ్ అండ్ డ్రయింగ్, అంటే మడిని మార్చి మార్చి తడపడం, ఆరబెట్టడం) అంటారు. 30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పీవీసీ పైపు ముక్క తీసుకుని కింది 20 సెంటీమీటర్లకు చిల్లులు వేయాలి. ఆ భాగాన్ని మట్టిలో పాతి, లోపలి మట్టి తీసేయాలి. పైపులో నీటి మట్టం నేల కిందికి 15 సెంటీమీటర్లు దిగినప్పుడు మళ్లీ 5 సెంటీమీటర్ల నీళ్లు పెట్టాలి. నాటిన మొదటి రెండు వారాలు, పూతకు ముందు ఒక వారం, తర్వాత ఒక వారం మాత్రం ఆరబెట్టకూడదు. నీళ్లలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఆదా అవుతుంది, దిగుబడి తగ్గదు.

ఇంత తేలికైనది ఎందుకు పాకడం లేదు? నల్లరేగడి మడి మరీ ఎండితే నెర్రెలిచ్చి, తర్వాత పెట్టిన నీళ్లన్నీ పగుళ్లలోకి పోతాయి. ఆరిన మడిలో కలుపు లేస్తుంది, కూలీ ఖర్చు పెరుగుతుంది. కాలువ చివరి రైతుకు నీళ్లు వంతులవారీగా వస్తాయి, వచ్చిన రోజున నింపుకోకపోతే మళ్లీ ఎప్పుడో తెలియదు. బోరు రైతుకు 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఉంది, ఒక తడి మిగిలించుకుంటే జేబుకు వచ్చేదేమీ లేదు. మిగతా మూడింటి కన్నా ఈ నాలుగో కారణమే గట్టిది.

డామరచర్ల బొగ్గుకు మడి యూరియా తోడైతే

మూసీ కృష్ణలో కలిసే వాడపల్లికి దగ్గరలో, డామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. యూనిట్ కరెంటుకు 0.65 కిలోల బొగ్గు అనుకుంటే, ఒక్క 800 మెగావాట్ల యూనిట్ పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిస్తే దాదాపు 12,500 టన్నుల బొగ్గు కావాలి. బొగ్గులో గంధకం అర శాతం ఉన్నా రోజుకు 125 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ పొగగొట్టం ఎక్కుతుంది. బూడిదను పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లు 99 శాతానికి పైగా బూడిదను ఆపగలవు, వాయువును ఏమీ చేయలేవు.

ఎత్తైన చిమ్నీ నుంచి వెళ్లిన సల్ఫర్ డయాక్సైడ్ పక్క ఊళ్లో పెద్దగా నమోదు కాదు. గాలిలో హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన అణువు దాన్ని గంటకు ఒక శాతం చొప్పున సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది, మబ్బు, మంచు తుంపరల్లో ఇంకా వేగంగా. అంటే చిమ్నీ నుంచి బయలుదేరిన వాయువు కణంగా మారేసరికి వందల కిలోమీటర్లు దాటొచ్చు. నైరుతి గాలుల్లో అది సూర్యాపేట, కోదాడ వైపు, చలికాలపు ఈశాన్య గాలుల్లో కృష్ణ దాటి పల్నాడు, నల్లమల వైపు సాగుతుంది.

ఇక్కడే యూరియా కథలోకి వస్తుంది. 45 కిలోల బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు. నిలిచిన నీళ్లలో చల్లిన యూరియాను మట్టిలోని యూరియేజ్ ఎంజైము రెండు మూడు రోజుల్లో అమ్మోనియంగా మారుస్తుంది. పగటిపూట నీళ్లలోని పాచి కార్బన్ డయాక్సైడ్‌ను తాగేస్తుంది కాబట్టి మధ్యాహ్నానికి మడి నీటి పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, 9 దాకా ఎక్కుతుంది. పీహెచ్ 7 దగ్గర అమ్మోనియంలో వాయువుగా ఉండేది ఒక శాతం లోపు, 9.25 దగ్గర సగం. నత్రజనిలో ఐదో వంతు పోయిందనుకున్నా బస్తాకు 5 కిలోల అమ్మోనియా గాలిలో కలుస్తుంది.

అమ్మోనియాకు సల్ఫ్యూరిక్ ఆమ్లం దొరికితే అమ్మోనియం సల్ఫేట్ అవుతుంది. వాహనాలు, బాయిలర్ల నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి వచ్చే నైట్రిక్ ఆమ్లం దొరికితే, చలి ఉదయాల్లో అమ్మోనియం నైట్రేట్ అవుతుంది. రెండూ నేరుగా పీఎం 2.5 కణాలే. 5 కిలోల అమ్మోనియా మొత్తం సల్ఫేట్‌గా మారితే 19 కిలోల కణాలు. ఎకరా గడ్డి కాలిస్తే వచ్చేది 7.5 కిలోలు. నిజానికి అమ్మోనియాలో చాలా భాగం దగ్గరి చెట్లు, నేల మీదే తిరిగి దిగుతుంది కాబట్టి 19 అనేది గరిష్ఠ హద్దు మాత్రమే. అయినా వాసన తప్ప ఏమీ కనిపించని ఎరువు, మైళ్ల దూరం కనిపించే పొగతో పోటీ పడగల కణ కాలుష్యానికి ముడిసరుకు అన్నది స్పష్టం.

పొలం వైపు చేయగలిగినది చవకైనదే. నిలిచిన నీళ్లలో మధ్యాహ్నం యూరియా వెదజల్లడం అన్నిటికన్నా నష్టం. మడి ఆరగట్టి, యూరియా చల్లి, వెంటనే పలచగా నీళ్లు పెడితే నత్రజని వేళ్ల దగ్గరికి దిగుతుంది. ఆరబెట్టే పద్ధతితో కలిపి చేస్తే, మడి తడి ఆరే దశలో పెరిగే నైట్రస్ ఆక్సైడ్‌నూ ఇది కొంత అదుపులో ఉంచుతుంది. ఆ వాయువు కిలోకు 273 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత బలమైనది. మీథేన్ ఆదాలో కొంత భాగాన్ని అది మింగేస్తుంది, మొత్తాన్ని కాదు.

విద్యుత్ కేంద్రం వైపు పరిష్కారం గంధకాన్ని తొలగించే ఎఫ్‌జీడీ యూనిట్. సున్నపురాయి ద్రావణాన్ని పొగలో చిమ్మితే సల్ఫర్ డయాక్సైడ్ జిప్సంగా మారుతుంది. పైన చెప్పిన 125 టన్నుల్లో 95 శాతం పట్టాలంటే రోజుకు సుమారు 185 టన్నుల సున్నపురాయి కావాలి, 320 టన్నుల జిప్సం వస్తుంది. సున్నపురాయి మేళ్లచెరువు, హుజూర్‌నగర్ బెల్టులోనే ఉంది, జిప్సం కావలసిన సిమెంటు ఫ్యాక్టరీలూ అక్కడే ఉన్నాయి. దేశంలో ఇంత వీలైన చోట్లు తక్కువ. అయితే 2015 డిసెంబరులో పెట్టిన నిబంధనలను కేంద్రం 2025 జులైలో సడలించింది. ఢిల్లీ రాజధాని ప్రాంతానికి, 10 లక్షల జనాభా దాటిన నగరాలకు 10 కిలోమీటర్లలోపు ఉన్న కేంద్రాలకు ఎఫ్‌జీడీ తప్పనిసరి. కాలుష్య పట్టణాల దగ్గరి వాటిని ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు, మిగతా వాటిలో చాలావాటికి మినహాయింపు. దూరం లెక్కన డామరచర్ల మొదటి వర్గంలోకి రాదు. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి లోపే ఉంది కదా అన్నది సడలింపుకు చెప్పిన వాదనల్లో ఒకటి. ఆ వాయువు సల్ఫేట్ కణంగా మారి వేరే ఖాతాలో, పీఎం 2.5 కింద కనిపిస్తుందన్న సంగతిని ఆ వాదన పక్కన పెడుతుంది.

మిర్యాలగూడ ఊక

ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లకు ఊకే ఇంధనం. 100 టన్నుల వడ్లకు 20 టన్నుల ఊక, అది కాలితే దాదాపు 4 టన్నుల బూడిద. అందులో తొంభై శాతం వరకు సిలికా, తేలికైనది. ఇళ్ల డాబాల మీద, ఆరేసిన బట్టల మీద నల్లగా పడేది సగం కాలిన ఊక. ఊక తడిగా ఉంటే, గాలి చాలకపోతే నల్ల మసి, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతాయి. సరిచేయబోయి ఫ్యాన్ వేగం పెంచితే కాలకముందే ఊక ఎగిరిపోతుంది. చాలా మిల్లుల్లో ఉండే సైక్లోన్ (పొగను సుడి తిప్పి రేణువులను వేరుచేసే పరికరం) 10 మైక్రాన్లకు పైబడిన రేణువులను బాగానే పడుతుంది, డాబా మీది నలుపు తగ్గుతుంది. చిన్న కణాలకు బ్యాగ్ ఫిల్టరో, నీళ్లతో పొగను కడిగే తడి స్క్రబ్బరో కావాలి. డాబా శుభ్రంగా ఉంటే గాలి శుభ్రంగా ఉందని అనుకోవడానికి లేదు.

పత్తి చేల మీది ఓజోన్

ఓజోన్‌ను ఏ చిమ్నీ వదలదు. ఎండలో నైట్రోజన్ డయాక్సైడ్ విడిపోయి వదిలే ఆక్సిజన్ పరమాణువు గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే ఓజోన్. మామూలుగా నైట్రిక్ ఆక్సైడ్ దాన్ని వెంటనే తినేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్, పెట్రోలు ఆవిర్లు, ఫార్మా కంపెనీల టోలుయీన్ లాంటి ద్రావకాలు మధ్యలో దూరితే ఆ తినే ప్రక్రియ ఆగి ఓజోన్ పోగవుతుంది. అందుకే లారీల పొగ నిండిన కూడలిలో ఓజోన్ తక్కువ, అక్కడినుంచి గాలి వీచే దిక్కున 50, 100 కిలోమీటర్ల దూరపు పల్లెలో ఎక్కువ. వాన వెలిసి ఈశాన్య గాలి మొదలయ్యాక హైదరాబాద్ గాలి షాద్‌నగర్, జడ్చర్ల, నారాయణపేట దిక్కుగా జరుగుతుంది, సరిగ్గా పత్తి కాయ పట్టే కాలంలో.

ఆకు రంధ్రాల గుండా లోపలికి వెళ్లే ఓజోన్ కిరణజన్య సంయోగక్రియను తగ్గించి ముదురాకులను త్వరగా రాల్చేస్తుంది. పత్తి, పప్పుధాన్యాలు దీనికి సున్నితమైనవి, వరి కొంత తట్టుకుంటుంది. ముదురాకు మీద చిన్న చుక్కలు, కంచు రంగు మచ్చలు దీని గుర్తులు. చేలో వాటిని మెగ్నీషియం లోపమనో పచ్చదోమ అనో అనుకుని మందు కొట్టడమే ఎక్కువ. చెట్లు, పంటలు వదిలే ఆవిర్లు గ్రామాల్లో ఎలాగూ సమృద్ధిగా ఉంటాయి కాబట్టి అక్కడ ఓజోన్‌ను నిర్ణయించేది నైట్రోజన్ ఆక్సైడ్లే. ఫ్యాక్టరీ వాసన పోగొట్టడం మంచిదే, పాలమూరు పత్తికి ఎక్కువ ఉపయోగం మాత్రం 44వ జాతీయ రహదారి మీది పాత లారీలను సరిచేస్తే వస్తుంది.

వారం ఉండేవి, వందేళ్లు ఉండేవి

మసి, సల్ఫేట్ గాలిలో ఉండేది వారం రోజుల లోపే. మీథేన్ పదేళ్ల పైచిలుకు. బొగ్గు కార్బన్ డయాక్సైడ్‌లో గణనీయమైన భాగం శతాబ్దాలు ఉంటుంది. పారిశ్రామిక యుగానికి ముందు 280 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని) ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది, దాదాపు 720 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో ఇన్ని) ఉన్న మీథేన్ 1,900 దాటింది. మసి వేడిని పెంచుతుంది, సల్ఫేట్ ఎండను తిప్పికొట్టి చల్లబరుస్తుంది. థర్మల్ కేంద్రం ఒకరోజు ఆగితే దాని సల్ఫేట్ నీడ వారంలో మాయమవుతుంది, దాని కార్బన్ మనవళ్ల కాలానికీ ఉంటుంది. గంధకం చల్లబరుస్తోంది కాబట్టి ఉండనిద్దాం అనే వాదన వినిపిస్తుంటుంది. 20వ శతాబ్దపు రెండో సగంలో దక్షిణాసియా రుతుపవనాలు బలహీనపడటానికి మనిషి వదిలిన ధూళికణాలే ప్రధాన కారణమని ఐపీసీసీ ఆరో నివేదిక తేల్చింది. వానాధారపు పాలమూరుకు ఆ చల్లదనం బేరం కాదు.

ఇంకో ముడి కూడా ఉంది. మీథేన్‌ను నాశనం చేసేదీ హైడ్రాక్సిల్ రాడికలే. కొయ్యల పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అదే రాడికల్ కోసం పోటీ పడుతుంది, దాన్ని ఖర్చు చేసేస్తుంది. నవంబరు పొగ మరునాటికి తేలిపోయినా, అప్పటికే గాలిలో ఉన్న మీథేన్ ఆయుష్షును కొంచెం పెంచి వెళ్తుంది.

వేడి వల్ల వచ్చే దెబ్బ వరి పూత దగ్గర స్పష్టంగా కొలవవచ్చు. పూత విచ్చుకునే ఒకటి రెండు గంటల్లో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలదు, తాలు గింజలు పెరుగుతాయి. కాలువ నీళ్లు ఆలస్యమై ఫిబ్రవరిలో నాట్లు పడిన యాసంగి వరి ఏప్రిల్ ఎండల్లో పూతకొస్తుంది. జనవరి మొదట్లో నాటినదానికి ఆ ముప్పు తక్కువ. అయితే యాసంగిని ముందుకు జరపాలంటే వానాకాలం కోతకూ నాటుకూ మధ్య వ్యవధి ఇంకా తగ్గుతుంది, గడ్డి తగలబెట్టే ఒత్తిడి పెరుగుతుంది. ఈ బిగింపును సడలించగలిగేది తక్కువ కాల వరి రకం. 150 రోజుల రకం బదులు 125 రోజులది వేస్తే మూడు వారాలకు పైగా చేతికొస్తాయి, గడ్డి కుళ్లడానికి కావలసిన నెల దాదాపు అందులోనే దొరుకుతుంది.

యాదాద్రి కేంద్రం ఐదు యూనిట్లూ నడిచే రోజుల్లో చుట్టుపక్కల గాలి ఎంత మారిందో తెలుసుకోవడానికి సల్ఫర్ డయాక్సైడ్ మీటరు ఒక్కటి చాలదు. మిర్యాలగూడ, కోదాడ, దేవరకొండల్లో పీఎం 2.5 ఫిల్టర్లు పెట్టి, వాటి మీద చేరిన సల్ఫేట్, నైట్రేట్, అమ్మోనియం, పొటాషియం పాళ్లను నెలవారీగా విశ్లేషించాలి. పొటాషియం ఎక్కువ ఉంటే ప్రధానంగా గడ్డి లేదా ఊక పొగ. సల్ఫేట్, అమ్మోనియం కలిసి పెరిగితే అది బొగ్గు, యూరియా కలిసిన లెక్క. నవంబరు, మే, ఎరువు చల్లే ఆగస్టు నెలల ఫిల్టర్లను పక్కపక్కన పెడితే ఎవరి వాటా ఎంతో విడదీయవచ్చు.